బి సైడు

రెండొందల కేసెట్లు దిగాయి బెంగుళూరు నుంచి
గంటస్తంభం దగ్గర మా కొట్టుకి.
పెట్టె మీద 'జాగ్రత్త, పగులును' అని రాసుంది.
అప్పటికింకా ఏదీ పగల్లేదు.

అట్ట మీద మనిషి బొమ్మ లేదు,
పొడుగు జుట్టు లేదు, చెమట లేదు, డ్రమ్ముల్లేవు.
ఒక జనపనార కండె.
కింద చిన్నక్షరాల్లో
తాడ్డి పోలినాయుడు, నెల్లిమర్ల.

బ్యాండులో అతను పాల్.
పాల్ అంటే ఎమ్మార్ కాలేజీ కుర్రాళ్ళు
బల్లలు విరిగేదాకా వాయించేవారు.
పోలినాయుడంటే
"ఎవుడండీ ఈడు, జముకుల కథ బాపతా?" అన్నాడొకడు.

మొదటిరోజు పదకొండు పోయాయి.
వారం తిరక్కుండా ఏడు వెనక్కొచ్చాయి.
"గిటారేదండీ?"
"పాడినోడేడండీ?"
"బి సైడు ఖాళీగా వచ్చీసింది, మార్చి ఇయ్యండి."
మార్చి ఇచ్చేను.
అదీ ఖాళీయే.

ఆ రాత్రి షట్టరు సగం దించి నేనే పెట్టుకున్నాను.

మొదట ఫిడేలు కమానుతో
తాళం అంచు గీశాడు, సన్నగా.
అది మిల్లు సైరను.
తర్వాత బ్రష్షులు, తోలు మీద మెత్తగా:
పదింటి షిఫ్టుకి పోతున్న సైకిళ్ళు,
కేరేజీ గిన్నెలో చెంచా కదలడంతో సహా.
ఆనక మగ్గాలు.
రెండు చేతులు, రెండు కాళ్ళు,
నలభై మగ్గాలు.

అందులో ఒక్కటి
ప్రతీసారీ ఆవగింజంత ఆలస్యంగా పడుతుంది.
తప్పనుకుని టేపు వెనక్కి తిప్పేను.
మళ్ళీ అక్కడే, అంతే ఆలస్యం.
అప్పుడు గుర్తొచ్చింది,
వాళ్ళ నాన్న లచ్చుమునాయుడి కుడిచేతికి
రెండు వేళ్ళు లేవు.
మా మావ అతని పక్క మగ్గమే.
"మూడేళ్ళతో ముడెయ్యాలంటే
ఆపాటి పొద్దు పడతాది మరి" అనేవాడు.

బి సైడు ఖాళీ కాదు.
తాళం పడ్డ మిల్లు అది.
నిమిషానికోసారి వాచ్‌మన్ కర్ర
నేల మీద.
మధ్యలో ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని
ఇరవైరెండు నిమిషాలు
చేతులు కట్టుకుని వాయించాడు.

ముప్ఫై అయిదు రూపాయలు పెట్టి
ఎవడు కొంటాడండీ అది?
లాకౌటు నెలల్లో
మా ఇళ్ళల్లో ఊరికే దొరికేది.

మార్గశిరంలో ఒక సాయంత్రం
మంకీ టోపీ పెట్టుకొచ్చాడు, ఎవరూ పోల్చలేదు.
"ఎన్ని పోనాయి?"
"నాలుగు."
గాజు బల్ల మీద వేళ్ళు ఆడించాడు కాసేపు.
జేబులోంచి ముప్ఫై అయిదు తీసి
ఒకటి కట్టమన్నాడు.
"అయిదు" అని వెళ్ళిపోయాడు.
చిల్లర లెక్కలో పడి
మావ సంగతి చెప్పడం మర్చిపోయాను.

కంపెనీ వెనక్కి తీసుకోనంది.
మూల కన్నాలకి కాగితం అంటించి
ఖాళీ కేసెట్ల ధరకి అమ్మేశాను.
జనం వాటి మీద బారసాల పాటలు నింపుకున్నారు,
గల్ఫులో ఉన్న మొగుళ్ళకి కబుర్లు నింపుకున్నారు.
ఒకావిడ మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకున్నప్పుడు
అడుగునుంచి మగ్గం చప్పుడు వినిపించేదని
వాళ్ళాయన మస్కట్ నుంచి రాశాడట.
దయ్యమేమోనని విరిచి పారేశాడట కూడా.

మిగిలినవి, కేసెట్ల కాలం పోయాక,
గుర్ల దగ్గర సీరపు గవరయ్య పట్టుకుపోయాడు, కిలోల్లెక్కన.

మొన్న భాద్రపదంలో అటు పోతూ బండి ఆపేను.
మొక్కజొన్న చేను చుట్టూ
కర్ర నుంచి కర్రకి గోధుమరంగు టేపు, బిగించి.
గాలికి ఒకటే మోత.
చిలకలు వాలబోయి వాలకుండా తిరిగిపోతున్నాయి.
ఒక పక్క వరస మాత్రం
కొంచెం ఆలస్యంగా మోగుతోంది.
నా చెవే కావచ్చు.

"బాగా పన్జేస్తంది బావూ,
ఇంకో పాతిక ఉంటే ఇప్పించండి" అన్నాడు గవరయ్య.

ఆ ఆల్బమ్‌కి వచ్చిన
మొదటి రీ-ఆర్డరు.

ఇంట్లో ఒకటుంది. చెప్పలేదు.
"స్టాకైపోయింది" అన్నాను.
ఆ మాట ఎంత బావుందో,
విజినారం చేరేదాకా
హెల్మెట్లో అనుకుంటూ వచ్చేను.